పలక తోక

కరకోల్‌లో ఎవరినడిగినా చెబుతారు, వడ్రంగి షేర్‌గాజీ ఒంటరిగా పనిచేస్తాడని. సాయం అడగడని, తోడు పెట్టుకోడని, నాలుగున్నర మీటర్ల పలకనైనా ఒక్కడే రంపం మీద నడిపిస్తాడని. ఆయన అంత ఒంటరిగా పనిచేస్తున్నప్పుడు పంతొమ్మిదేళ్లపాటు పలక తోక పట్టుకుని నిలబడ్డది నేను. నా పేరు బుర్మాకాన్. ఆయన భార్యని.

మా ఇంటి వెనక షెడ్డులో రంపం మిషను ఉంది. ఉమ్మడి సేద్యపు కొల్‌ఖోజ్ మూతపడ్డప్పుడు ఆయన చిన్నాన్న బండి మీద వేసుకొచ్చిన ఇనుప బల్ల అది. బల్ల నడుమ చీలికలోంచి పళ్ల చక్రం సగం పైకి లేచి ఉంటుంది. ఇవతల నుంచి పలకను తోస్తే చక్రం దాన్ని నిలువునా రెండుగా చీల్చి అవతలికి పంపుతుంది. పొట్టి పలకైతే ఎవరైనా కోస్తారు. చిక్కంతా పొడుగు పలకతోనే. సగానికి పైగా బల్ల దాటాక అవతలి కొస బరువుకి వాలుతుంది, ఇవతలి కొస పైకి లేస్తుంది. అలా లేచినదాన్ని చక్రం పట్టిందంటే ఇక అది మనిషి మాట వినదు. అందుకని అవతల ఒకరుండాలి.

ఆ ఒకరిని పిలవడానికి మా ఆయన షెడ్డు గుమ్మంలో వేలాడే ఇనుప గొట్టాన్ని రెండుసార్లు స్పానర్‌తో కొట్టేవాడు. "తోకా!" అని అరిచేవాడు. నేను పిండి కలుపుతున్నా, ఆవు కింద కూర్చుని పాలు పితుకుతున్నా లేచి పరుగెత్తాలి. అవతల నిలబడి అరచేతులు పలక కింద పెట్టాలి. లాగకూడదు. ఎత్తకూడదు. బరువు మాత్రం మోస్తూ, ఆయన తోసినంత వేగంతోనే వెనక్కి అడుగులు వేయాలి. ఒక్క అడుగు తొందరపడితే కోత వంకర పోతుంది, ఒక్క అడుగు ఆలస్యమైతే చక్రం మాడ్చేస్తుంది. ఇవన్నీ నాకు ఆయన నేర్పలేదు. తిట్లు తింటూ నేర్చుకున్నాను.

"నువ్వేం చేస్తున్నావని? బల్ల చేసే పని," అనేవాడు. "నిలబడడమే కదా."

పోయిన వసంతంలో మా ప్రాంతపు టీవీ నుంచి ఒక అమ్మాయి, కెమెరా పట్టుకున్న కుర్రవాడు వచ్చారు. ఒంటరిగా పనిచేసే ఉస్తా గురించి చిన్న సినిమా తీస్తారట. మా దగ్గర చేతిపనిలో ఆరితేరినవాణ్ని ఉస్తా అంటారు. ఆ మాట చెవిన పడగానే మా ఆయన తల మీద తెల్ల ఉన్ని టోపీ వెలిసింది. పెళ్లిళ్లకి, చావులకి తప్ప పెట్టుకోని టోపీ. దాని కుచ్చు వేలాడుతూ చక్రానికి జానెడు దూరంలో ఊగుతోంది. పనిలో ఉన్నవాడెవడూ అలాంటిది పెట్టుకోడు. టీవీ వాళ్లకి ఆ సంగతి తెలియదు.

"నువ్వు లోపలికి పో. బొమ్మలో పడతావు," అన్నాడు నాతో.

"పడితే ఏమవుతుంది?"

"ఒంటరి ఉస్తా అని తీస్తుంటే పక్కన ఆడమనిషి నిలబడితే నవ్వరూ?"

కెమెరా ముందు ఆయన కోసినవన్నీ మోకాలెత్తు ముక్కలు. నేను టీ, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెలు పళ్లెంలో పెట్టుకుని వచ్చేసరికి ఆ అమ్మాయి గోడకి ఆనించిన పొడుగు పలకల్ని చూపించి అడుగుతోంది. మాలో అన్నని బైకే అని, అక్కని ఎజే అని పిలుస్తారు.

"బైకే, ఇంత పొడుగువి కూడా మీరొక్కరే కోస్తారా?"

"ఒక్కణ్నే చెల్లీ. రెండో చెయ్యి అంటే రెండో నోరు. నోరున్నచోట పని సాగదు."

ఆమె నవ్వి నా వైపు తిరిగింది. "ఎజే, మరి మీరేం చేస్తుంటారు?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "అదా? అది టీ పెడుతుంది."

ఆదివారం టీవీలో వచ్చింది. ఆయన ఫోన్‌లో కూడా పెట్టుకుని మూడుసార్లు చూశాడు, నాలుగోసారి నన్ను పిలిచి చూపించాడు. తెర మీద ఆ ముఖం చూశాను. మోకాలెత్తు ముక్కని తోస్తూ దూరంగా కొండలకేసి చూస్తున్నాడు. చక్రం తిరుగుతుంటే కొండలకేసి చూసేవాడు వడ్రంగి ఎలా అవుతాడు? కింద పడ్డా పైచేయి నాదే అనే మనిషని తెలుసు. కానీ నా అరచేతుల్లోని కాయల్ని ఎత్తుకుపోయి తన టోపీకి కుచ్చులా కట్టుకుంటాడని అనుకోలేదు. వెళ్లి ఆవుకి నీళ్లు పెట్టాను.

ఆ సినిమా చూసే జూలైలో తమ్గా నుంచి గుల్బార్చిన్ వచ్చింది. సరస్సు ఒడ్డున అతిథులకి గదులు అద్దెకిచ్చే మనిషి. వేళ్లకి వెండి, కళ్లకి నల్లద్దాలు. వరండా నేలకి నలభైరెండు పలకలు కావాలంది, సైబీరియా పైను, ఒక్కోటీ నాలుగున్నర మీటర్లు, ప్రతిదాన్నీ నిలువునా రెండుగా చీల్చాలి.

"మా ఊళ్లో వడ్రంగులు నలుగురు చేరి నాలుగు రకాలుగా కోస్తారు ఉస్తా. ఒంటరివాడి పనిలో శ్రద్ధ ఉంటుంది. టీవీలో మీరు చెప్పింది ఎంత నిజమో!"

"అనుభవం," అన్నాడు మా ఆయన.

పలకలు దిగిన మర్నాడు పొద్దున్నే గొట్టం మోగింది. నేను వరండా మెట్టు మీద నల్లద్రాక్షల గిన్నె ఒళ్లో పెట్టుకుని కాడలు తుంచుతున్నాను. జామ్ కాయడానికి. కదల్లేదు. మళ్లీ మోగింది.

"తోకా! చెవుడొచ్చిందా?"

"వినబడుతోంది."

"మరి రావేం?"

"నేను టీ పెట్టేదాన్ని. టీ కావాలా?"

గుమ్మంలో స్పానర్ పట్టుకుని నిలబడిపోయాడు. నన్ను కాదు, ముందు పక్కింటి గోడకేసి చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. విన్నారు. పక్కింటి యూసుప్ వెల్లుల్లి మడిలోంచి తల ఎత్తాడు. దుంగాన్ జాతి మనిషి, మర్యాదస్థుడు. పంతొమ్మిదేళ్లుగా ఆ మడిలోంచి నేను వెనక్కి అడుగులేయడం చూస్తూనే ఉన్నాడు.

"ఉస్తా, నేను రానా? చేతులు ఖాళీగానే ఉన్నాయి."

"అక్కర్లేదు. ఇన్నాళ్లూ ఎవరొచ్చారు?"

యూసుప్ నా వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని మళ్లీ మడిలోకి వంగాడు.

ఆ రోజు నేను ద్రాక్షలు తుంచుతూ ఒక ఉస్తా పనితనం చూశాను. మొదట డీజిలు పీపా దొర్లించుకొచ్చి రంపం అవతల నిలబెట్టాడు. పీపా బల్ల కంటే నాలుగు వేళ్లు తక్కువ. పలక దాటి వచ్చి కొస వాలి పీపా అంచు కింద కొట్టుకుంది. తోస్తే పీపా నడిచింది. ఇంకా తోస్తే ఇంకా నడిచింది. ఖాళీ పీపా మరి, ఎందుకు నిలబడుతుంది? ఈలోగా ఇవతలి కొస బల్ల మీంచి లేవడం మొదలైంది. చేత్తో నొక్కాడు, ఆగలేదు. అప్పుడాయన చేసిన పని చూసి నా చేతిలోని కాడ కింద పడింది. పలక మీద బోర్లా పడుకున్నాడు. గుండెకి, తిరిగే చక్రానికి మధ్య జానెడుంది.

గిన్నె పట్టుకునే సగం లేచాను. అది ప్రేమ అనుకోకండి. మూర్ఖుడి రక్తమూ ఎర్రగానే ఉంటుంది, కడగాల్సింది నేనే.

ఎలాగో ఆ పలక బయటపడింది, పాము పాకినట్టు కోతతో. పీపాని తన్ని, కుర్చీ తెచ్చి దాని మీద ఇటుకలు పేర్చాడు. ఈసారి వేలెడు ఎత్తెక్కువైంది. పలక వచ్చి ఇటుకకి గుద్దుకుని ఆగింది. ఆగిన పలకని చక్రం అక్కడే తిరిగి తిరిగి మాడ్చింది. పొగ లేచింది. ఆయన దగ్గుతూ బయటికొచ్చి నన్ను చూశాడు. నేను గిన్నెలోకి చూశాను.

"ఏం చూస్తున్నావ్?"

"ఏం లేదు. మా టీకి అంత పొగ రాదు."

మధ్యాహ్నం మూడోదానికి దిగాడు. ఈసారి అవతల ఏమీ పెట్టలేదు. సగం దాకా తోశాడు. తర్వాత, మిషను తిరుగుతుండగానే, ఇవతలి కొస వదిలేసి, చుట్టూ తిరిగి అవతలికి నడిచాడు. తనే వెళ్లి తోక పట్టుకుని లాగుదామని! పంతొమ్మిదేళ్లు ఆ కొస పట్టుకున్నదాన్ని నేను. ఇవతల ఒక చెయ్యి పలకని, కోత నిటారుగా సాగడానికి బల్ల మీద బిగించిన పక్క పట్టీకి ఆనించి ఉంచకపోతే అది మెలి తిరుగుతుందని నాకు తెలుసు. ఆయనకి తెలియదు. ఎందుకంటే ఆయనెప్పుడూ ఇవతలే ఉన్నాడు, ఆ చెయ్యి తనదే అని కూడా గమనించలేదు. పైగా కోత మూసుకుపోకుండా చక్రం వెనక నిలిచే ఉక్కు రేకుని అడ్డంగా ఉందని ఎప్పుడో పీకి పారేశాడు.

"ఆపండి!" అని అరిచాను. మోటారు మోతలో వినబడలేదు.

ఆయన కొస పట్టుకుని లాగగానే పలక కొద్దిగా పక్కకి తిరిగింది. పెద్ద చప్పుడు. అంతే, నాలుగున్నర మీటర్ల పైను పలక, కాస్త ముందు ఆయన పొట్ట ఉన్న చోటు మీదుగా వెనక్కి ఎగిరి, షెడ్డు గుమ్మం దాటి, పెరటి పొయ్యి గొట్టాన్ని విరిచి, బొగ్గుల కుప్పలో దిగబడింది. నేను ఆ వరసలో కూర్చోను కాబట్టి బతికాను. ఆ వరసలో ఏనాడూ కూర్చోలేదు.

వెళ్లి మిషను ఆపాను. చక్రం చాలాసేపు తిరిగి తిరిగి నిలిచింది. ఆయన అవతల రెండు చేతులూ ముందుకు చాచి, ఏదో పట్టుకున్నట్టే నిలబడి ఉన్నాడు. ముఖం సున్నంలా ఉంది. పెదవులు కదిలాయి.

"చెక్కలో ముడి ఉంది," అన్నాడు.

బొగ్గుల్లోంచి పలక లాగి రెండు వైపులా తిప్పి చూశాను. పాలమీగడలా ఉంది, ఎక్కడా ముడి లేదు. ఆడలేనివాడు మద్దెల మీద నెపం పెట్టినట్టు.

"ముడి నీ తలలో ఉంది," అన్నాను. పంతొమ్మిదేళ్లలో ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. "అది ఎగిరినప్పుడు నువ్వు ఇవతలే నిలబడి ఉంటే, ఇప్పుడు నేను యూసుప్‌ని పిలిచి నిన్ను పలక మీంచి ఊడదీయిస్తుండేదాన్ని."

"ఎవర్ని నువ్వు అంటున్నావ్?"

"ఇక్కడింకెవరున్నారు? నువ్వు ఒంటరివాడివి కదా."

ఆయనకి కోపం రాలేదు, అదే వింత. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అక్-సూలో చెల్లెలింట్లో ఏదో విందు ఉందని సంచి భుజాన వేసుకున్నాడు. విందు ఆ రోజే కాదని నాకు తెలుసు. పోతూ పోతూ గుమ్మంలో, "ఆ మిషను ముట్టుకోకు, ఆడవాళ్ల పని కాదు," అన్నాడు.

ఆయన వీధి మలుపు తిరగగానే షెడ్డు తలుపు తీశాను.

నాకు వడ్రంగం రాదు. కానీ పలకకి అవతల ఏం కావాలో నాకు తెలిసినంతగా మా ఊళ్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది నేనే. నేనెంత ఎత్తులో చేతులు పెట్టేదాన్ని? బల్ల కంటే వెంట్రుకవాసి కిందకి. పైకి పెడితే తగులుకుంటుంది, మరీ కిందకి పెడితే వాలుతుంది. మా అత్తగారి నాటి పాత తలుపొకటి దడికి ఆనించి ఉంది. దాన్ని నాలుగు లావాటి కాళ్ల మీద బిగించాను. పలక కొస ఎంతో కొంత వాలి వస్తుంది కాబట్టి, దాన్ని అందుకునే అంచుని చిత్రిక పట్టి ఏటవాలుగా చెక్కాను. వాలి వచ్చిన కొస ఆ వాలు ఎక్కి మీదకి జారుతుంది. తలుపు మీద మైనం రుద్దాను. కాళ్ల అడ్డపట్టీల మీద నాలుగు ఇసక బస్తాలు పెట్టాను. పీపాలా నడవకూడదు కదా.

తర్వాత ఇవతల నిలబడి చూస్తే అర్థమైంది, ఇక్కడా ఒకటి కావాలి. మొదలుపెట్టేటప్పుడు పలక మూడొంతులు మన వెనకే వేలాడుతుంది. మా ఆయన దాన్ని చంక కింద ఇరికించుకుని బలంతో నెట్టుకొచ్చేవాడు, దాన్నే పనితనం అనుకునేవాడు. నేను చెక్కలు ఆనించి కోసే నాలుగు కాళ్ల చెక్క గుర్రమొకటి తెచ్చి, దాని మీద రెండు గాట్లు చెక్కి, అందులో నీళ్ల గొట్టం ముక్క వేశాను. పలక దాని మీద దొర్లుకుంటూ వస్తుంది. మేకుల డబ్బా అడుగున ఉక్కు రేకు దొరికింది, చక్రం వెనక బిగించాను. మిషను ఆపే మీట చెయ్యి చాస్తే గానీ అందేది కాదు. యూసుప్‌ని పిలిచి మోకాలికి తగిలే చోటికి మార్పించాను. అతనికి కరెంటు పని తెలుసు.

"ఎజే, ఉస్తా ఏమంటాడో," అన్నాడు తీగలు చుడుతూ.

"చెక్కలో ముడి ఉందంటాడు."

యూసుప్ నవ్వు ఆపుకోలేక స్క్రూడ్రైవర్ జారవిడిచాడు.

రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున మొదటి పలక ఎత్తి గొట్టం మీద పెట్టాను. మోటారు వేశాను. చక్రాన్ని ఇన్నేళ్లూ అవతల నుంచి చూశాను, ఇవతల నుంచి దాని ముఖం వేరు. చక్రానికి ఎదురుగా కాకుండా ఒక అడుగు పక్కకి నిలబడి, పలకని పట్టీకి ఆనించి, తోశాను. వెళ్లింది. సగం దాటింది. ఇప్పుడు లేస్తుంది అనుకున్నచోట లేవలేదు. కొస వాలు ఎక్కి తలుపు మీద మెల్లగా పాకుతోంది. చివరి జానెడుకి కర్ర పుల్ల అందుకుని దాంతో నెట్టాను, మోకాలితో మీట నొక్కాను. అటువైపు రెండు పలకలు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. కోత దారం పట్టినట్టుంది.

షెడ్డులో ఎవరూ లేరు. నిజంగా ఎవరూ లేరు. ఒంటరిగా పనిచేయడమంటే ఇదన్నమాట అనుకున్నాను. మా ఆయన దీని రుచి ఏనాడూ చూడలేదు పాపం. రెండోది ఎత్తాను.

నాలుగు రోజుల్లో అన్నీ అయ్యాయి, ఆయన పాడుచేసిన మూడు తప్ప. చివరి వరస పేరుస్తుండగా గుల్బార్చిన్ కారు దిగింది.

"ఉస్తా ఎక్కడ?"

"చెల్లెలింట్లో."

"మరి ఇవి ఎవరు కోశారు?"

"నేను."

నల్లద్దాలు నెత్తి మీదకి తోసి, ఒక పలక అంచు వెంట వేలితో రాసింది. తప్పు దొరకలేదు. అయినా ముఖం వాడిపోయింది.

"బాగానే ఉన్నాయి ఎజే. కానీ... ఉస్తా వచ్చాక ఒక్కసారి చెయ్యి వేసి పంపమనండి. అతిథులకి చెప్పుకోవాలి కదా, టీవీలో వచ్చిన మనిషి చేసిన వరండా అని."

"చెయ్యి వేస్తే చాలా? టోపీ కూడా పెట్టుకోమననా?"

ఆమెకి అర్థం కాలేదు. సరేనన్నట్టు తలూపింది. అడవిలో చెట్టుకి తనని ఎవరు కోస్తున్నారో తెలియకపోయినా పర్వాలేదు. అంతటి షోకు ఉన్న మనిషికి చెప్పినా ఎక్కకపోవడమే విచారం.

మా ఆయన ఏడో రోజున విందు మాంసం సంచీతో వచ్చాడు. పెరట్లో పేర్చిన పలకల ముందు నిలబడిపోయాడు. సంచీ కింద పెట్టి టేపు తీశాడు. ఒకటి కొలిచాడు. రెండు. పన్నెండు దాకా కొలిచాడు. నేను మెట్టు మీద కూర్చుని లెక్క పెట్టాను. తర్వాత షెడ్డులోకి వెళ్లి నా తలుపు బల్ల చుట్టూ తిరిగాడు.

"ఇదేంటి? శవాన్ని కడిగే బల్లా?"

"అలాంటి అవసరం రాకుండా చేసింది."

రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు గుల్బార్చిన్‌కి పాడైన వాటి బదులు ఇవ్వాల్సిన మూడు కొత్త పలకలూ కోయాల్సి వచ్చింది. నేను దొడ్లో ఉన్నాననుకుని దాని మీదే కోశాడు. తర్వాత ఇక ఆ ఊసెత్తకుండా రోజూ దాని మీదే కోస్తున్నాడు. నెల తిరిగేసరికి బజారు టీ కొట్లో, ఆ బల్ల ఆలోచన తనకి కలలో వచ్చిందని చెప్పాడట. ఆ మాట నాకు యూసుప్ చెప్పాడు. కొట్లాడదామా అనుకున్నాను. తర్వాత, దొంగిలించిన దాని మీదైనా గుండె పెట్టి పడుకోకుండా కోస్తున్నాడు కదా, చాల్లే అనుకున్నాను. వారంలో రెండు రోజులు మిషను నాది. నాకు సొంతంగా అరల పనులు, బెంచీల పనులు వస్తున్నాయి. ఆ రెండు రోజులూ ఆయన షెడ్డు వైపు రాడు. 'నువ్వు' మాత్రం మళ్లీ 'మీరు' కాలేదు.

శరదృతువులో అక్-సూ నుంచి సాదిర్ అని, అందరూ పెద్దాయన అనే అర్థంలో అక్సకాల్ అని పిలిచే ముసలి వడ్రంగి, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని బల్ల చూడటానికి వచ్చాడు. గడ్డం బొడ్డు దాకా, ఎడమ చేతికి మూడే వేళ్లు. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. మా ఆయన చేతులు నడుముకి పెట్టుకుని పాఠం మొదలెట్టాడు.

"ముఖ్యమైనది ఎత్తు, అక్సకాల్. బల్లతో సరిసమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు."

సాదిర్ వంగి, మిషను మీంచి తలుపు మీదకి బొటనవేలు జార్చాడు. "ఇది కిందకి ఉంది కదయ్యా."

"అదా... నేల కుంగింది."

"మరి ఈ అంచు ఏటవాలుగా ఎందుకు చెక్కావు?"

మా ఆయన అంచుకేసి మొదటిసారి చూసినట్టు చూశాడు. "అందానికి."

వెంట వచ్చిన ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాదిర్ మోకాళ్ల మీద చేతులు వేసి లేచి, షెడ్డు గుమ్మంలోంచి నన్ను చూశాడు.

"కోడలా, ఇటు రా. నువ్వు చెప్పు, ఎందుకు?"

తడి చేతులు తుడుచుకుని వెళ్లాను. పలక వాలి వస్తుందని, వాలు లేకపోతే అంచుకి తగిలి ఆగిపోతుందని, ఆగినది వెనక్కి తంతుందని చెప్పాను. ఇసక బస్తాలు చూపించాను. మోకాలి మీట చూపించాను. ఆ ముసలాయన ప్రతిదానికీ తలూపుతూ, మధ్యలో ఒకసారి తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. ముందువైపు గొట్టం ఎంత లావుండాలి, పలక తడిదైతే ఏం చేస్తావని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. తెలియనిది తెలియదన్నాను.

అప్పటికి మా ఆయన అక్కడ లేడు. ఎవరూ చెప్పకుండానే టీ తేవడానికి లోపలికి వెళ్లాడు. చక్కెర ఎక్కడుంటుందో తెలియక వంటింట్లో గిన్నెలన్నీ కదిలిస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.